ఐటీఐ శిక్షణ, పరిశ్రమల అవసరాలు: భారతదేశ అనుభవం

వృత్తి, సాంకేతిక శిక్షణ ఏ పనులకు ఇవ్వాలి, ఎంతమందికి ఇవ్వాలి, ఎంత లోతున ఇవ్వాలి అన్న నిర్ణయాలను ఉపాధి మార్కెట్టుకు దగ్గరగా తెచ్చే ప్రయత్నాన్ని విద్యా ప్రణాళికలో అనుసంధానం అంటారు. భారతదేశంలో ఈ చర్చకు కేంద్రం పారిశ్రామిక శిక్షణ సంస్థ, అంటే ఐటీఐ. ఎనిమిదో తరగతి లేదా పదో తరగతి పూర్తిచేసినవారు ఇందులో చేరి, తాము ఎంచుకున్న ‘ట్రేడు’లో, అంటే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, టర్నర్, డీజిల్ మెకానిక్ వంటి ఒక నిర్దిష్టమైన పనిలో, ఏడాదో రెండేళ్ళో శిక్షణ పొంది, అఖిల భారత ట్రేడ్ పరీక్ష రాసి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ అందుకుంటారు. దేశంలో ఇలాంటి సంస్థలు సుమారు 15 వేలు ఉండగా వాటిలో ప్రభుత్వానివి 3,300 వరకు మాత్రమే, తక్కినవన్నీ ప్రైవేటువి. దీనికి పైమెట్టున మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా, పక్కన ఇంటర్మీడియట్ ఒకేషనల్ కోర్సులు ఉన్నాయి. శిక్షణ పొందినవారికి పని దొరకడం లేదని ఒకవైపు, పని ఇస్తామన్నా పనివాళ్ళు దొరకడం లేదని మరోవైపు ఫిర్యాదులు ఏకకాలంలో వినిపిస్తుండటంతో, లోపమంతా సిలబస్‌లోనే ఉందన్న నిర్ధారణకు చాలామంది తేలికగా వచ్చేశారు. సిలబస్ పాతబడటం నిజమే. కాని శిక్షణ గురి తప్పినప్పుడు ఆ నష్టం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న అంతకన్నా మూలమైనది. ఈ వ్యవస్థ చరిత్రలో ఫలించిన ప్రయత్నాలూ ఫలించని ప్రయత్నాలూ ఆ ప్రశ్న దగ్గరే వేరుపడతాయి.

శిక్షణ ఇచ్చేదీ పని ఇచ్చేదీ ప్రభుత్వమే అయిన కాలం

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం నుంచి విడుదలైనవారికి పని చూపించేందుకు 1945లో ఏర్పడిన పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్, దేశ విభజన తర్వాత కాందిశీకుల శిక్షణ బాధ్యతను కూడా తలకెత్తుకుంది. ఆ అనుభవం మీదనే 1950లో సుమారు 50 సంస్థలతో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ మొదలైంది. 1956లో ఈ సంస్థల రోజువారీ పాలనను రాష్ట్రాలకు అప్పగించారు. 1969లో ఆర్థిక భారం కూడా వాటికే బదిలీ అయింది. అయితే ఏ ట్రేడులు ఉండాలి, వాటిలో ఏం నేర్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి, సర్టిఫికెట్ ఎవరివ్వాలి అన్నవి మాత్రం 1956లోనే ఏర్పడిన జాతీయ వృత్తి శిక్షణ మండలి ద్వారా కేంద్రం పరిధిలోనే ఉండిపోయాయి. జీతాలు ఇచ్చేది ఒకరు, పాఠం నిర్ణయించేది మరొకరు అన్న ఈ ఏర్పాటు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండేలా చూసింది. దానితోపాటే స్థానిక పరిశ్రమ మాట వినవలసిన అవసరం ఎవరికీ లేకుండా కూడా చేసింది.

మొదటి రెండు మూడు దశాబ్దాల్లో ఈ లోటు పెద్దగా కనిపించలేదు. సింధియా కంపెనీ 1941లో విశాఖపట్నంలో నెలకొల్పిన నౌకానిర్మాణ కేంద్రం 1952లో ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. 1960ల్లో హైదరాబాదు చుట్టుపక్కల రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఆ తర్వాత హెచ్ఎంటీ, ఐడీపీఎల్, ఈసీఐఎల్ వెలిశాయి. వీటికి కావలసిన ఫిట్టర్లనూ టర్నర్లనూ తయారుచేసే సంస్థలూ ప్రభుత్వానివే, వారిని తీసుకునే కర్మాగారాలూ ప్రభుత్వానివే కనుక, శిక్షణలో ఏదైనా తక్కువైతే కర్మాగారంలోని శిక్షణ విభాగం ఆ కొరతను తీర్చుకునేది. 1991 తర్వాత ఈ ఏర్పాటు చెదిరిపోయింది. ప్రభుత్వ రంగ సంస్థల నియామకాలు తగ్గిపోగా, ప్రైవేటు కర్మాగారాలు పనివాళ్ళను కాంట్రాక్టర్ల ద్వారా తెచ్చుకోవడం పెరిగింది. నాలుగు నెలలు పనిచేసి వెళ్ళిపోయే మనిషికి శిక్షణ ఇచ్చే బాధ్యతను కాంట్రాక్టరూ తీసుకోడు, కంపెనీ కూడా తీసుకోదు.

సిలబస్ నడక

ట్రేడు సిలబస్ తయారీ నిదానంగా సాగే వ్యవహారం. కోల్‌కతాలోని కేంద్ర పరిశోధన సంస్థలో ముసాయిదా రూపొంది, ట్రేడు కమిటీల ముందుకు వెళ్ళి, ఆమోదం పొంది, చెన్నైలోని జాతీయ బోధన సామగ్రి సంస్థ పాఠ్యపుస్తకాలు వేసి, అవి భాషల్లోకి వచ్చి, ఆ తర్వాత ఆ సిలబస్‌కు తగిన యంత్రాల జాబితా ప్రకారం రాష్ట్రాలు టెండర్లు పిలిచి కొనుగోలు చేసేసరికి కాలం చాలా గడిచిపోతుంది. అనుబంధ గుర్తింపు కావాలంటే జాబితాలోని పరికరాలన్నీ వర్క్‌షాపులో ఉండాలి. జాబితాలో లేని యంత్రం, ఊళ్ళో ఉన్న పరిశ్రమకు అదే ముఖ్యమైనదైనా, గుర్తింపుకు పనికిరాదు.

అయినా పాతదంతా వ్యర్థమన్న వాదనను కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. ఫిట్టర్ ట్రేడులో చేరిన విద్యార్థి మొదటి నెలల్లో వైస్‌లో బిగించిన ఇనుప పలకను హాక్‌సాతో కోసి, ఆకురాయితో రాకుతూ, మధ్యమధ్య ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తిపట్టి, సందులోంచి వెలుగు కనిపిస్తే ఎత్తుగా ఉన్నచోట మళ్ళీ రాకుతాడు. 0.02 మిల్లీమీటర్ల వరకు చూపే వెర్నియర్ కాలిపర్‌తోనూ, 0.01 మిల్లీమీటర్ల వరకు చూపే మైక్రోమీటరుతోనూ కొలుచుకుంటూ, చివరికి ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు ముక్కలను తయారుచేస్తాడు. కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే సీఎన్‌సీ యంత్రాలున్న కర్మాగారంలో ఎవరూ గంటల తరబడి ఆకురాయి పట్టరు కాబట్టి ఇది వృథా అని కొందరు మేనేజర్లు అంటారు. కాని సీఎన్‌సీ యంత్రం మీద తయారైన భాగం కొలత తప్పిందని పట్టుకోగల చూపు ఈ రాపుడు పనిలోనే అలవడుతుంది. నిజమైన లోపం ఆకురాయి దగ్గర ఆగిపోవడంలో ఉంది. ఆ చూపు అబ్బిన తర్వాత విద్యార్థి చేతికి కొత్త యంత్రం రాకపోవడంలో ఉంది. ఒకే యంత్రానికి పనికొచ్చేలా ఇచ్చిన శిక్షణ ఆ యంత్రంతోపాటే పాతబడుతుందన్నది ‘పరిశ్రమకు తక్షణం కావలసింది మాత్రమే నేర్పండి’ అనే వాదన మరిచిపోయే సంగతి.

అంచనాల ప్రయత్నం

రేపటి అవసరాన్ని ఈరోజే లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం సీట్లు కేటాయించడాన్ని మానవశక్తి ప్రణాళిక అంటారు. పంచవర్ష ప్రణాళికల కాలంలో దీని మీద గట్టి నమ్మకం ఉండేది. ఇందుకోసమే 1962లో ఢిల్లీలో అనువర్తిత మానవశక్తి పరిశోధన సంస్థ ఏర్పడింది. ఆ దశాబ్దం ముగిసేలోపే పారిశ్రామిక మాంద్యం వచ్చి, కొరత ఉందని చెప్పిన ఇంజనీర్లే ఉద్యోగాలు లేక నిలబడిపోయారు. ఉక్కు ధర, విదేశీ మారకం, వర్షాభావం వంటివి ముందే తెలిస్తే తప్ప పదేళ్ళ తర్వాత ఎంతమంది వెల్డర్లు కావాలో చెప్పడం సాధ్యం కాదని అప్పుడే తేలింది. అయినా జిల్లాలవారీ నైపుణ్య లోటు నివేదికలు, రంగాలవారీ అంచనాలు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. 2009 జాతీయ నైపుణ్య విధానం 2022 నాటికి 50 కోట్ల మందికి శిక్షణ అన్న లక్ష్యాన్ని పెట్టుకుంది. అంకె గుండ్రంగా ఉండటమే దాని వెనుక లెక్క ఎంత పలచనో చెబుతుంది. 2015 విధానపత్రం భారతదేశంలో నియత శిక్షణ పొందినవారు శ్రామికుల్లో 4.69 శాతమని, జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం అని పోల్చింది. శిక్షణ అంటే ఏమిటన్న నిర్వచనమే ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నప్పుడు ఈ పోలిక ప్రసంగాలకు పనికొచ్చినంతగా ప్రణాళికకు పనికిరాదు.

విద్యార్థులు ప్రణాళికాకర్తల అంచనాలను చూసి ట్రేడు ఎంచుకోరన్నది మరొక చిక్కు. ఘనా దేశంలో వృత్తి విద్యను పరిశీలించిన ఫిలిప్ ఫోస్టర్, 1965లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, విద్యార్థుల ఆశలను నిర్ణయించేది పాఠ్యప్రణాళిక కాదు, ఉద్యోగాలు ఇచ్చే జీతం, స్థిరత్వం, గౌరవమేనని వాదించాడు. తెలుగు రాష్ట్రాల ఐటీఐలు ఆ వాదనకు మంచి ఉదాహరణ. అడ్మిషన్లలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులకు ఉండే గిరాకీని చూసి ఇది పాతకాలపు మోజు అనుకోవడం పొరపాటు. విద్యుత్ పంపిణీ సంస్థల జూనియర్ లైన్‌మన్ పోస్టులకు, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు ఐటీఐ సర్టిఫికెట్ అర్హత. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా, పడినప్పుడు ఆ సర్టిఫికెట్ చేతిలో ఉండాలన్నది కుటుంబాల లెక్క. ప్రైవేటు కర్మాగారంలో రెండేళ్ళు నేర్చుకుని వచ్చినవాడికీ ఏమీ నేర్వకుండా వచ్చినవాడికీ జీతంలో పెద్ద తేడా లేనంతకాలం ఈ లెక్కను తప్పుపట్టడానికి వీల్లేదు. పాలిటెక్నిక్‌లోనూ ఇంతే: డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు కనుక, కర్మాగారానికి సూపర్‌వైజర్లను ఇవ్వడానికి పెట్టిన కోర్సు చాలామందికి ఇంజనీరింగ్‌కు అడ్డదారి అయింది. ఇంటర్ ఒకేషనల్ విద్యార్థులు బ్రిడ్జి కోర్సు రాసి మళ్ళీ సాధారణ చదువుల బాట పట్టడానికీ కారణం ఇదే.

యజమాని వాటా

అనుసంధానం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఉదహరించేది జర్మనీ. అక్కడ 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం కింద, గుర్తింపు పొందిన 300కు పైబడిన వృత్తుల్లో, శిక్షణార్థి వారంలో ఒకటి రెండు రోజులు బడికి వెళ్ళి తక్కిన రోజులు కంపెనీలో పని నేర్చుకుంటాడు. దీన్నే ద్వంద్వ విధానం అంటారు. కంపెనీయే అతనితో ఒప్పందం చేసుకుని, భత్యం ఇస్తుంది. శిక్షణ నియమాలను యజమానుల సంఘాలూ కార్మిక సంఘాలూ కూర్చుని ఖరారు చేస్తాయి. పరీక్షను వాణిజ్య మండళ్ళు నిర్వహిస్తాయి. ఖర్చులో పెద్ద భాగం కంపెనీదే కావడంతో, పనికిరాని శిక్షణ ఇస్తే నష్టపోయేది కూడా ముందుగా కంపెనీయే. ఈ ఒక్క లక్షణాన్ని వదిలేసి తక్కిన రూపాన్ని దిగుమతి చేసుకున్న దేశాలు ఆశించిన ఫలితం పొందలేదు.

భారతదేశం జర్మనీ చట్టం కంటే ముందే, 1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం చేసింది. మొదట ట్రేడు అప్రెంటిస్‌లకే పరిమితమైన ఈ చట్టాన్ని 1973లో డిగ్రీ, డిప్లొమా చదివినవారికీ, 1986లో ఇంటర్ ఒకేషనల్ చదివినవారికీ వర్తింపజేశారు. కాని ఇది యజమానికి వాటా ఇచ్చిన చట్టం కాదు, బాధ్యత మోపిన చట్టం. ఎంతమందిని తీసుకోవాలో ప్రభుత్వమే చెప్పేది. తీసుకోకపోతే జైలుశిక్షకు కూడా అవకాశం ఉండేది. శిక్ష భయంతో అప్రెంటిస్‌లను తీసుకున్న కంపెనీలు వారిని లెక్క కోసం ఉంచుకున్నాయే తప్ప నేర్పడం మీద శ్రద్ధ పెట్టిన సందర్భాలు తక్కువ. దీనికి రైల్వే వర్క్‌షాపులు, నౌకాదళ డాక్‌యార్డు, పెద్ద ప్రభుత్వ సంస్థలు ఒక మేరకు మినహాయింపు. 2014 సవరణ జైలుశిక్షను తొలగించింది. 2016లో మొదలైన జాతీయ ప్రోత్సాహక పథకం భత్యంలో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరించేలా చేసింది. 2019 నిబంధనలు 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చెప్పాయి. దీనివల్ల సంఖ్య పెరిగింది. అప్రెంటిస్‌ను చవకగా దొరికిన కూలీగా వాడుకునే అలవాటును అరికట్టడానికి కావలసిన తనిఖీ మాత్రం ఆ వేగంతో పెరగలేదు. ఐటీఐ విద్యార్థి కోర్సులో కొన్ని నెలలు కర్మాగారంలోనే గడిపే ద్వంద్వ శిక్షణ విధానం కూడా 2016లోనే వచ్చింది. దగ్గరలో కర్మాగారం ఉన్న ఐటీఐలకే ఇది సాధ్యం కావడం దాని పరిమితి.

యజమానిని సంస్థ లోపలికి తెచ్చే మరో ప్రయత్నం 2007-08లో జరిగింది. 1,396 ప్రభుత్వ ఐటీఐలలో ఒక్కోదానికి పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షుడుగా యాజమాన్య కమిటీ వేసి, దానికి నేరుగా 2.5 కోట్ల రూపాయల వరకు వడ్డీలేని రుణం ఇచ్చారు. పదేళ్ళ విరామం తర్వాత ఇరవై ఏళ్ళలో తీర్చవలసిన రుణం అది. పరిశ్రమ ప్రతినిధికి కుర్చీ దక్కింది. సిబ్బంది నియామకం, బదిలీ, ట్రేడుల మార్పు మాత్రం ప్రభుత్వ శాఖ దగ్గరే ఉండిపోయాయి. తన సొమ్ము పెట్టనివాడు, తన మాట చెల్లనివాడు సమావేశాలకు ఎంత శ్రద్ధగా వస్తాడో ఊహించడం కష్టం కాదు. 2008లో ఏర్పడిన జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో వచ్చిన రంగాలవారీ నైపుణ్య మండళ్ళది దీనికి భిన్నమైన సమస్య: ప్రమాణాలు రాసేదీ, పరీక్షించేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ ఆ మండళ్ళే కావడాన్ని శారదా ప్రసాద్ కమిటీ 2016లో తీవ్రంగా తప్పుపట్టింది. 2018లో జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలిని నియంత్రణ సంస్థగా ప్రకటించడం ఈ విమర్శల తర్వాత తీసుకున్న చర్యే.

పెద్దగా చర్చకు రాని చక్కని ఉదాహరణ హైదరాబాదులోని బాలానగర్‌లో ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహాయంతో 1968లో ఏర్పడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఒకవైపు చిన్న పరిశ్రమలకు కావలసిన డైలు, అచ్చులు, జిగ్‌లు తయారుచేసి ఇస్తూ, మరోవైపు వాటి తయారీలోనే విద్యార్థులకు శిక్షణ ఇస్తుంది. డై అంటే లోహపు రేకును ఒకే రూపంలో వేల సార్లు నొక్కడానికో కోయడానికో వాడే గట్టి ఉక్కు పనిముట్టు. అందులో కొలత కాస్త తప్పినా కొన్నవాడు దాన్ని వెనక్కి పంపుతాడు. విద్యార్థి పనిని మార్కులు వేసే పరీక్షకుడితోపాటు డబ్బు చెల్లించే కొనుగోలుదారు కూడా చూస్తాడు కనుక, ఇక్కడ యంత్రాలు పాతబడితే ఆర్డర్లు ఆగిపోతాయి. సిలబస్ కమిటీ చెప్పవలసిన మాటను ఆర్డరు పుస్తకమే చెబుతుంది. అయితే ఇలాంటి టూల్ రూముకు భారీ పెట్టుబడీ, ఆరితేరిన బోధకులూ కావాలి. ప్రతి మండలంలోని ఐటీఐనీ ఇలా మార్చడం సాధ్యం కాదు. 1998లో నిర్మాణ సంస్థల భాగస్వామ్యంతో హైదరాబాదులో మొదలైన జాతీయ నిర్మాణ అకాడమీ కూడా తాపీ, వడ్రంగం, ప్లంబింగ్ పనుల్లో ఈ దిశగానే సాగిన ప్రయత్నం.

రెండు రాష్ట్రాల్లో కొత్త అడుగులు

ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన స్థానికుల ఉపాధి చట్టం, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చెప్పిన మేరకే వార్తల్లో నిలిచింది. తగిన నైపుణ్యం గల స్థానికులు దొరకకపోతే ప్రభుత్వ సహకారంతో మూడేళ్ళలోగా వారికి శిక్షణ ఇచ్చి తీసుకోవాలన్న నిబంధన అనుసంధానం దృష్ట్యా అంతకన్నా ఆసక్తికరమైనది. శిక్షణను యజమాని నెత్తిన పెట్టిన అరుదైన శాసనం ఇది. ఇదే తరహాలో హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేయడంతో ఇలాంటి చట్టాల భవిష్యత్తు అనుమానంలో పడింది. 2024లో ఆంధ్రప్రదేశ్ మంగళగిరిలో ప్రయోగాత్మకంగా నైపుణ్య గణన చేపట్టింది. ఎవరికి ఏ పని వచ్చో ఇంటింటికీ వెళ్ళి నమోదు చేయడం సరఫరా లెక్కను చక్కదిద్దుతుంది. గిరాకీ లెక్క దానివల్ల తేలదు.

తెలంగాణ 2024 జూన్‌లో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే 2,324 కోట్ల రూపాయల పథకానికి హైదరాబాదు మల్లేపల్లిలో శంకుస్థాపన చేసింది. పారిశ్రామిక రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు, విద్యుత్ వాహనాల మరమ్మతు వంటివి ఇందులోని కోర్సులు. కర్ణాటక, తమిళనాడు ఇదే సంస్థతో ఇంతకుముందే ఈ దారి పట్టాయి. అదే ఏడాది ఆగస్టులో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి పునాది పడింది. కేంద్రం 2025 మే నెలలో ఆమోదించిన 60,000 కోట్ల రూపాయల ఐటీఐల ఆధునికీకరణ పథకంలో 1,000 ప్రభుత్వ ఐటీఐలు, హైదరాబాదు సహా ఐదు నగరాల్లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలు ఉన్నాయి. ఇందులో 10,000 కోట్లు పరిశ్రమలు పెట్టాలన్నది గతంలోని పథకాలకూ దీనికీ ఉన్న పెద్ద తేడా.

బోధకుల సంగతి ఈ ప్రకటనల్లో వెనకబడుతుంది. ఐటీఐ బోధకుడికి తన ట్రేడులో అర్హతతోపాటు, బోధన మెళకువలు నేర్పే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ కూడా ఉండాలి; హైదరాబాదులోని విద్యానగర్, రామంతాపూర్ సంస్థలు దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నాయి. రోబో కొనడానికి ఒక టెండరు చాలు. దాన్ని నడిపి, చెడితే విప్పి, మళ్ళీ బిగించి చూపగల బోధకుడు అదే నైపుణ్యానికి కర్మాగారం ఇచ్చే జీతాన్ని వదులుకుని కాంట్రాక్టు బోధకుడి జీతానికి రావాలంటే కారణం ఉండాలి. ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న పోస్టుల పక్కన కొత్త యంత్రాలను నిలబెడితే అవి ప్రదర్శన వస్తువులే అవుతాయి.

ఫలితం తెలిసే దారి

శిక్షణ పూర్తిచేసినవారు ఆ తర్వాత ఏమయ్యారో వెంట వెళ్ళి తెలుసుకోవడాన్ని జాడ అధ్యయనం అంటారు. అమెరికాలో 2018లో సవరించిన పెర్కిన్స్ చట్టం, కేంద్ర నిధులు తీసుకునే ప్రతి స్థానిక సంస్థా రెండేళ్ళకోసారి తన ప్రాంతపు ఉపాధి అవసరాలను అంచనా వేసుకోవాలనీ, విద్యార్థులు కోర్సు వదిలిన తర్వాతి రెండో త్రైమాసికంలో ఏ స్థితిలో ఉన్నారో చెప్పాలనీ షరతు పెట్టింది. పదేళ్ళ ముందుకు చూసే జోస్యం కంటే ఆరు నెలలు వెనక్కి చూసే లెక్క ఎక్కువ నమ్మదగినది. భారతదేశంలో ఐటీఐలకు గ్రేడింగ్ ఉంది. అయినా ప్రాంగణ ఎంపికలో ఆఫర్ లెటర్ అందుకున్నవారి సంఖ్యనే ఉపాధిగా చూపే అలవాటు పోలేదు. ఆరు నెలల తర్వాత వారిలో ఎంతమంది ఆ పనిలోనే ఉన్నారన్నది వేరే లెక్క.

గల్ఫ్ దేశాలకు పనివాళ్ళను పంపే ఏజెన్సీలు పనితనం తేల్చుకోవడానికి సర్టిఫికెట్ మీద ఆధారపడవు. కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చిన వెల్డర్‌కు ట్రేడ్ టెస్ట్ పెడతారు. అందులో కష్టమైనది 6జీ. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, దాని చుట్టూ అతుకు వేయమంటారు. గొట్టం తిరగదు కాబట్టి వెల్డరే వంగి, లేచి, తల కిందికి పెట్టి, తెగకుండా ఒకే అతుకుగా పూర్తిచేయాలి. అతుకులో గాలి బుడగ గానీ చిట్టెం గానీ చిక్కుకుందేమో ఎక్స్‌రే తీసి చూస్తారు. నెగ్గినవాడికి వీసా దొరుకుతుంది. ఓడినవాడు ఎక్కడ తప్పాడో ఆ ఫిల్ములో స్పష్టంగా కనిపిస్తుంది. అతనికి వెల్డింగ్ నేర్పిన ఐటీఐకి ఆ సంగతిని చేరవేసే ఏర్పాటు ఇప్పటికీ లేదు.